పంటచేనిలో స్త్రీ

అన్నము పరబ్రహ్మస్వరూపమని పెద్దలు చెప్పుదురు. విస్తరిలోని అన్నమును కన్నుల కద్దుకొని భుజించువారు మన దేశమున నేటికిని కలరు. కాని ఆ మెతుకు విస్తరిలోనికి వచ్చుటకు ముందు ఎందరి చేతులు దాటి వచ్చినదో తలచువారు తక్కువ. ఆ చేతులలో స్త్రీల చేతులు ఎన్నియో తలచువారు మరియు తక్కువ.

"ఇల్లు చూచి ఇల్లాలిని చూడు" మని సామెత. ఇల్లాలి నేర్పు ఇంటిలోనే కనబడునని ఈ సామెత యొక్క తాత్పర్యము. పల్లెటూరి యిల్లాలి విషయమున ఇది సగము మాట మాత్రమే. ఆమెను ఎరుగగోరినవారు ఇంటితోపాటు చేనును కూడ చూడవలెను.

వరిపైరునే ఉదాహరణముగా గైకొందము. దుక్కి దున్నుట, గట్లు చెక్కుట, నీరు పెట్టుట సాధారణముగా పురుషులు చేయు పనులు. దమ్ము చేసిన మడి సిద్ధమైన పిమ్మట స్త్రీల వంతు వచ్చును. వారు బురదలో నిలిచి, నడుము వంచి, ఒక చేత నారుకట్ట పట్టుకొని, రెండవ చేత రెండు మూడు మొక్కల చొప్పున నాటుచు వెనుకకు అడుగులు వేయుదురు. పైన వాన, క్రింద బురద. ఒక ఎకరము నాటుటకు సుమారు పదిమంది స్త్రీలు దినమంతయు ఇట్లు వంగియే యుండవలెను. నాట్లు ముగిసిన కొన్ని వారములకు కలుపుతీత వచ్చును. అదియు వంగి చేయు పనియే. పైరు పండినపుడు స్త్రీ పురుషులిరువురును కొడవళ్లు పట్టుదురు. కళ్లములో నూర్చిన ధాన్యమును చేటలతో చెరిగి, తాలు వేరుచేసి, ఎండబెట్టి, రాబోవు ఏటికి కావలసిన విత్తనమును ఏరి దాచుట తరతరములుగా స్త్రీల పని.

ప్రొద్దు గ్రుంకినంత మాత్రమున ఆమె పని ముగియదు. చేనినుండి మరలివచ్చుచు పశువులకు పచ్చగడ్డిమోపు నెత్తిన పెట్టుకొని వచ్చును. ఇంటికి చేరిన పిమ్మట నీరు తెచ్చుట, వంట, పిల్లల పోషణ, పాలు పితుకుట ఆమె కొరకు కాచుకొని యుండును. కేంద్రప్రభుత్వము 2024లో దేశమంతట కాలవినియోగమును గూర్చి ఒక పరిశీలన జరిపెను. ఇంటిపనులలో పాల్గొను స్త్రీలు దినమునకు 289 నిమిషములను, పురుషులు 88 నిమిషములను ఆ పనులకు వెచ్చించుచున్నట్లు అందు తేలినది. పల్లెలును పట్టణములును కలిపిన లెక్క యిది. అనగా స్త్రీకి దాదాపు ఐదు గంటలు, పురుషునికి గంటన్నర. ఈ ఐదు గంటల పనికి కూలి లేదు. పని యను పేరును తరచుగా లేదు. "మీ అమ్మ యేమి చేయును?" అని అడిగినచో "ఏమియు చేయదు, ఇంటిలోనే యుండును" అని పిల్లలు చెప్పుట వాడుక యైనది.

పేరులేని శ్రమకు లెక్కలో చోటు దొరకుట కష్టము. 2011 జనాభా లెక్కలను బట్టి మన దేశమున పనిచేయు స్త్రీలలో నూటికి 65 మంది వ్యవసాయమునందే యున్నారు. వారిలో 24 మంది తమ కుటుంబపు సేద్యమును, 41 మంది వ్యవసాయ కూలిని చేయువారు. ఇక 2015-16 వ్యవసాయ గణనను చూడుడు. దేశమందలి కమతములలో స్త్రీలు సాగుదారులుగా నమోదైనవి నూటికి సుమారు 14 మాత్రమే. చేనిలో ఇందరు, పుస్తకములో కొందరు. "రైతు" అనగానే మనకు తలపాగ చుట్టిన పురుషుడే మనసున మెదలుటకు కారణము కూడ ఇదియే కావచ్చును.

గడచిన నూరేండ్లలో తెలుగునాట వ్యవసాయము గొప్ప మార్పులను పొందినది. వానిలో మూడింటిని స్త్రీల పక్షమున నిలిచి పరిశీలింతము. ఒకటి బియ్యపు మిల్లు, రెండవది క్రొత్త విత్తనము, మూడవది పొలములో తిరుగు యంత్రము.

పూర్వము వడ్లను రోటిలో పోసి రోకళ్లతో దంచి బియ్యము చేసెడివారు. కలవారి యిండ్లలో దంపుళ్లకు బీదస్త్రీలు వచ్చెడివారు. కూలిగా కొన్ని బియ్యమో, నూకలో, తవుడో లభించెడిది. పొలముపని లేని దినములలో ఎందరో వితంతువులకును వృద్ధురాండ్రకును ఇదియే జీవనాధారము. ఇరువదవ శతాబ్దమున బియ్యపు మిల్లులు ఊరూర వెలసెను. దంపుటకు దినమంతయు పట్టు వడ్లు కొద్ది నిమిషములలో బియ్యమై వచ్చెను.

వడ్లు దంచుట సుఖమైన పని కాదు. రోకటిపోటు దండలను, రొమ్మును అదరగొట్టును. దాని నుండి స్త్రీకి విముక్తి కలుగుట మంచిదే. ఇంటి కొరకు దంచుకొను ఇల్లాలికి మిల్లు విశ్రాంతి నిచ్చెను. కూలికి దంచు స్త్రీకి మాత్రము ఆ విశ్రాంతితోపాటు ఆకలిని కూడ ఇచ్చెను. మిల్లులో పని దొరకిన చోట యంత్రము నడపు పని పురుషునికి, ధాన్యము ఆరబోయుట, చెరుగుట మొదలగు చిల్లరపనులు స్త్రీలకు వచ్చెను. అంతియే కాదు. మిల్లులో బాగుగ పాలిషు పట్టిన బియ్యమునుండి తవుడుతోపాటు బి1 విటమిను తొలగిపోవును. పచ్చిబియ్యమును అట్లు తెల్లగా చేసి తిను అలవాటు గల సర్కారు జిల్లాలలో ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున బెరిబెరి వ్యాధి కనబడుచుండెను. దంపుడు బియ్యమును నిలుపుకొనవలెనని గాంధీమహాత్ముడు ప్రబోధించెను. 1934లో ఆయన ప్రోత్సాహమున ఏర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము చేపట్టిన పనులలో ఇది యొకటి.

రెండవ మార్పు నీటితోను, విత్తనముతోను వచ్చినది. ధవళేశ్వరమున 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట గోదావరి మండలమును వరిచేలతో నింపినది. నూరేండ్లు గడచిన పిమ్మట, 1966లో ఫిలిప్పీను దేశమునందలి అంతర్జాతీయ వరి పరిశోధనాలయము ఐ.ఆర్.8 అను పొట్టి వరిరకమును విడుదల చేసినది. పశ్చిమగోదావరి జిల్లా ఆచంట గ్రామవాసి నెక్కంటి సుబ్బారావు 1967లో దానిని పండించి దేశవిదేశములలో ప్రసిద్ధి గాంచెను. తరువాత మారుటేరు పరిశోధనాలయము నుండి స్వర్ణయు, బాపట్ల నుండి 1986లో సాంబమసూరియు వెలువడెను. ఆచంట రైతు పేరు చరిత్రలో నిలిచినది, నిలువదగినదే. ఆ చేలలో వంగి నారు నాటిన స్త్రీల పేర్లు మాత్రము ఎవరికిని తెలియవు.

ఈ క్రొత్త విత్తనము మొదట స్త్రీలకు పని పెంచినది. పాతరకములకంటె త్వరగా పంటకు వచ్చుటవలన నీరున్న చోట ఏటికి రెండు పంటలు సాధ్యమయ్యెను. సార్వా నాట్లు, దాళ్వా నాట్లు. రెండు మారులు కలుపు, రెండు మారులు కోత. పైరు పొట్టిది గనుక దాని నీడ చాలక కలుపు హెచ్చుగా మొలచును; వేసిన ఎరువును కలుపు తినిపోకుండ తీసివేయవలెను. అందుచేత కూలి దినములు పెరిగినవి. పది పదునైదుగురు స్త్రీలు ఒక ముఠాగా చేరి, ఎకరమునకు ఇంతయని గుత్త మాట్లాడుకొని నాట్లు వేయు పద్ధతి బలపడినది. నడుము నొప్పించు పనియే గాని, నాలుగు రూకలు ఆమె చేతికి వచ్చెను.

విత్తనము వలన స్త్రీ పోగొట్టుకొన్నదియు కలదు. బలమైన కంకులను ఏరి, ఎండబెట్టి, బూడిదయో వేపాకో కలిపి, కుండలలోను గాదెలలోను విత్తనమును కాపాడు విద్య ఆమెది. సంకర విత్తనమును ఏటేట దుకాణమున కొనవలెను. కొనుగోలు మాటలు పురుషులకును వర్తకులకును నడుమ జరుగును. అప్పుడు ఇంటిలో విత్తనము దాచిన కుండతోపాటు ఆమె మాటయు మూలబడినది.

ఈ కథలో మీ వంటి పిల్లలకు సంబంధించిన భాగ మొకటి కలదు. సంకర ప్రత్తి విత్తనము దానంతట అది పుట్టదు. ప్రతి మొగ్గనుండి సాయంకాలము పుప్పొడి గల కేసరములను చేతితో తొలగించి, మరునాటి ప్రొద్దున మరియొక రకపు పూవు పుప్పొడిని దానికి అద్దవలెను. ఒక ఎకరమున వేలకొలది పూవులకు, కొన్ని వారములపాటు, ప్రతిదినము ఇట్లు చేయవలెను. 1990 ప్రాంతమున కర్నూలు, మహబూబునగరము జిల్లాల విత్తనపు చేలలో ఈ పనికి ఎక్కువగా చిన్న బాలికలను పెట్టిరి. తల్లిదండ్రులకు బయానా నిచ్చి, పెద్దవారికంటె తక్కువ కూలితో వారిచేత పని చేయించిరి. పురుగుమందు చల్లిన చేలలో దినమంతయు నిలుచుటవలన తలనొప్పియు, వాంతులును కలిగెడివి. ఆ ఋతువున తప్పిపోయిన చదువు అనేకులకు మరల దొరకలేదు. ఇట్టి పిల్లలను పనినుండి తప్పించి బడికి చేర్చిన సేవకు శాంతా సిన్హా 2003లో రామన్ మెగసెసే బహుమానము నందిరి. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్య నొసగు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినది. ఎనిమిదవ తరగతిలో కూర్చుండి పాఠము చదువుచున్న ప్రతి గ్రామబాలికయు ఈ చరిత్రను తెలిసికొనదగినది.

మూడవ మార్పు మన కన్నుల ఎదుట జరుగుచున్నది. వరికోత యంత్రము ఒక ఎకరమును సుమారు గంటలో కోసి, నూర్చి, ధాన్యమును ట్రాక్టరులో పోయును. కలుపుమందు చల్లువాడొకడు కలుపుతీయు ముఠా నంతటిని ఇంటికి పంపును. నారు పోయక విత్తనమునే వెదజల్లు పద్ధతి కొన్ని ప్రాంతములలో నాట్లనే తొలగించినది. నాట్లు వేయు యంత్రములును వచ్చినవి. ఇట్లు వరిచేలలో స్త్రీల పనులు ఒక్కొక్కటిగ తగ్గిపోవుచున్నవి. ప్రత్తి ఏరుట, మిరపకాయలు కోయుట వంటి, యంత్రమునకు సులభముగా లొంగని పనులు మాత్రము ఇంకను వారి చేతులలో నున్నవి.

యంత్రము చెడ్డదని ఎవరును తొందరపడి చెప్పరాదు. ఋతువంతయు బురదలో వంగిన నడుము సంగతి వంగినవారికే తెలియును. పైగా మన స్త్రీల ఆరోగ్యము బలమైనది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ననుసరించి 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 59 మంది, తెలంగాణమున 58 మంది రక్తహీనతతో బాధపడుచున్నారు. అందరును తినిన పిమ్మట మిగిలినది తినుట సద్గుణమని ఆమెకు నేర్పినారు. ఆ సద్గుణమునకు మూల్యము ఆమె రక్తము చెల్లించుచున్నది. అట్టి దేహమునుండి బరువును తీసివేయు యంత్రము నిజముగా మిత్రమే. కాని బరువుతోపాటు కూలిని కూడ తీసికొనిపోయి, బదులుగా ఏమియు నీయనపుడు ఆ మైత్రి సందేహాస్పద మగును. కావున అడుగవలసిన ప్రశ్న యంత్రము వలెనా వలదా యనునది కాదు. యంత్రము ఎవరిది, దానిని నడపుట ఎవరికి నేర్పినారు, అది మిగిల్చిన కాలమును ధనమును ఎవరికి చేరుచున్నవి యని అడుగవలెను.

ఈ ప్రశ్నలకు తమ చేతలతో సమాధానము చెప్పిన స్త్రీలు మన తెలుగునాటనే కలరు. నాటి మెదకు జిల్లాలో జహీరాబాదు ప్రాంతము వానపై నాధారపడిన మెట్టభూమి. అచ్చట పస్తాపురమున 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దాని చేయూతతో దళిత కుటుంబముల బీదస్త్రీలు ఊరూర సంఘములుగా కూడి, బీడుభూములను సాగునకు తెచ్చిరి. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది మొదలగు పంటలను ఒకే చేనిలో కలిపి వేసిరి. ఒకటి పోయినను మరియొకటి దక్కునని వారి యుపాయము. మూలబడిన విత్తనపు కుండలను మరల వెలికి తీసిరి. విత్తనము కావలసినవారికి అప్పుగా నిచ్చి, పంట వచ్చిన పిమ్మట తీసికొన్నదానికంటె కొంత ఎక్కువగ తిరిగి కొలిపించుకొను పద్ధతి నేర్పరచిరి. 2008 అక్టోబరు 15న మాచునూరులో తమ రేడియో కేంద్రమును ప్రారంభించి, తమ సేద్యమును గూర్చి తామే మాటలాడిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యిచ్చు ఈక్వేటర్ బహుమానము ఈ సంస్థకు లభించినది. విత్తనముపై అధికారము స్త్రీకి మరల దక్కినచో ఏమి యగునో ఇది తెలుపుచున్నది.

సంపాదించిన కూలి ఇల్లు చేరుట మరియొక సమస్య. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1991-92 ప్రాంతమున రాత్రిబడికి పోయి అక్షరములు నేర్చుకొన్న కూలిస్త్రీలు, తాము చెమటోడ్చిన డబ్బు సారా దుకాణమునకు పోవుచున్నదని గ్రహించి ఆ దుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మ వారికి నాయకురాలు. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా అమ్మకము నిషేధింపబడుటకు కారణమయ్యెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినను, అక్షరము నేర్చిన స్త్రీలు కలిసి నిలిచినపుడు ప్రభుత్వము కదలినదను సత్యము చెరగిపోలేదు. ఆ దశకముననే పొదుపు సంఘములు తెలుగునాట విస్తరించెను. నాడు దినమునకొక రూపాయి కూడబెట్టిన సంఘముల వంటివే నేడు కొన్నిచోట్ల వ్యవసాయ యంత్రములను కొని అద్దెకిచ్చుచున్నవి. 2023లో కేంద్రప్రభుత్వము 15,000 మహిళా సంఘములకు పైరుపై మందు చల్లు డ్రోనులను ఇచ్చుటకు నిర్ణయించెను. యంత్రము స్త్రీ చేతికి వచ్చు దారి ఇట్టిది.

చట్టములును కొంత మేలు చేసినవి. స్త్రీ పురుషులకు సమానమైన పనికి సమానమైన కూలి యని 1976లో చట్టము వచ్చెను. ఆ నియమము 2019 నాటి వేతన స్మృతిలో చేర్చబడినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన గ్రామీణ ఉపాధి హామీ పథకమున ఇరువురకును ఒకే కూలిరేటు నిర్ణయింపబడెను. తెలుగు రాష్ట్రములలో ఆ పథకపు పనిదినములలో సగమునకు మించి స్త్రీలవే యయ్యెను. హిందూ అవిభక్త కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కల్పించెను. అప్పటికే వివాహమైనవారికి అది వర్తింపలేదు. దేశమంతటికి ఇట్టి హక్కు 2005లో వచ్చెను.

భూమి పత్రముపై పేరుండుట కేవలము గౌరవము కొరకు కాదు. బ్యాంకు అప్పు, పంటల బీమా, నష్టపరిహారము తరచుగా ఆ పేరును వెదకుకొని వచ్చును. తెలంగాణమున 2018లో ప్రారంభమైన రైతుబంధు సహాయము పట్టాదారునికే చెల్లింపబడినది. భర్త పట్టణమునకు వలసపోగా, లేదా మరణింపగా, చేను నంతటిని తానే సాగు చేయుచున్న స్త్రీకి పత్రమున పేరు లేనిచో ఆమె ఎండలో రైతు, కచ్చేరిలో ఎవరును కాదు. చట్టమున హక్కున్నను, "అన్నదమ్ములతో తగవెందుకు?" అని ఎందరో ఆడపడుచులు వంతు అడుగకయే యున్నారు. అడుగుట తప్పు కాదనియు, ఇచ్చుట ధర్మమనియు తెలిసిన ఇండ్లు పెరిగిన కొలది ఆ చట్టమునకు ప్రాణము వచ్చును.

ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును అంతర్జాతీయ మహిళారైతు సంవత్సరముగ ప్రకటించినది. ఉత్సవములు జరుగుట మంచిదే. కాని ఒక గ్రామము బాగుపడినదా లేదా యని తెలిసికొనుటకు ఉత్సవము కొలబద్ద కాదు; అచ్చటి ధాన్యరాశుల ఎత్తు మాత్రమే చాలదు. ఆ రాశిని పండించిన స్త్రీకి న్యాయమైన కూలి యున్నదా, ఆమె కడుపునిండ తినుచున్నదా, ఆమె పేరు పత్రమున నున్నదా, ఆమె కుమార్తె బడిలో నున్నదా యని చూడవలెను. తల్లి చేయు పనిని పని యని గుర్తించుట ఇంటినుండియే మొదలు కావలెను. బిందె యెత్తుటకును, పళ్లెము కడుగుటకును కుమారులును ముందుకు వచ్చిననాడు ఆ 289 నిమిషములలో కొన్నియైనను తగ్గును. అందులకు చట్టముతో పనిలేదు, ధనముతో పనిలేదు.

ప్రశ్నలు

1. బియ్యపు మిల్లు వలన ఇంటి ఇల్లాలికిని, దంపుడు కూలి స్త్రీకిని కలిగిన ఫలములలో భేదమేమి?

2. క్రొత్త వరి విత్తనము స్త్రీలకు కూలి దినములను ఎట్లు పెంచినది? వారినుండి దేనిని తొలగించినది?

3. భూమి పత్రముపై పేరులేని స్త్రీకి కలుగు నష్టము లెవ్వి?

4. మీ యింటిలో తల్లియో, అవ్వయో ఒక దినమున చేయు పనులను వేకువనుండి రాత్రివరకు గమనించి, వేళలతో సహా వ్రాయుడు. వానిలో మీరు చేయగల పనులెవ్వియో గుర్తింపుడు.